సెంట్రోమియర్ దగ్గర ఎడం

ఈరోజు స్లైడ్‌లో క్రోమోజోములు ఎక్స్ ఆకారంలో లేవు. జంట క్రోమాటిడ్‌లు (ఒకే క్రోమోజోమ్‌కి రెండు కాపీలు) రైలు పట్టాల్లా పక్కపక్కనే ఉన్నాయి, అవి అతుక్కుని ఉండాల్సిన నొక్కు, అంటే సెంట్రోమియర్ దగ్గర కూడా ఎడంగానే. ఈఎస్‌సీఓ2 జన్యువు పాడైన కణాల్లో కనిపించేది ఇదే.

క్రోమాటిడ్‌లను కలిపి పట్టుకునే కొహెసిన్ లేదేమో అనిపిస్తుంది గానీ, ఉంటుంది. ఎస్ఎంసీ1, ఎస్ఎంసీ3, రాడ్21 అనే ప్రోటీన్‌లు కలిసిన ఉంగరం అది. డీఎన్ఏ కాపీ మొదలవకముందే, జీ1 దశలోనే దాని మీదికి ఎక్కేస్తుంది. చిక్కల్లా నిలవకపోవడమే: వాప్ల్ అనే ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు తెరిచి ఊడదీస్తుంటుంది.

ఆ పట్టు గట్టిపడేది డీఎన్ఏ కాపీ అయ్యే ఎస్ దశలో. కాపీ జరిగే చోటు, అంటే ఫోర్క్, సాగుతుండగా ఈఎస్‌సీఓ2 ఎంజైమ్ వచ్చి ఎస్ఎంసీ3లో 105, 106 స్థానాల లైసిన్‌లకు (అవి అమైనో ఆమ్లాలు) ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలిస్తుంది. ఆపైన సోరోరిన్ అనే ప్రోటీన్ వచ్చి చేరి, వాప్ల్ ఆటలు సాగనివ్వదు. ఇంత పెద్ద ఉంగరానికి ఆధారం రెండే రెండు లైసిన్‌లు!

అన్నట్టు, కణ విభజనను మధ్యలో ఆపే కోల్సెమిడ్ మందులో ఎక్కువసేపు ఉంచితే మామూలు కణాల్లోనూ క్రోమోజోమ్ భుజాలు విడిపోతాయి. వాటిని చూసి తేల్చేయకండి. చూడాల్సింది సెంట్రోమియర్‌నే. అక్కడి కొహెసిన్‌ని షుగోషిన్ అనే ప్రోటీన్ కాపాడుతుంది కాబట్టి, మామూలు కణమైతే ఆ చోట అతుక్కునే ఉండాలి.