భర్తను కూడా అడగాల్సిన ప్రశ్న

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రెండో కాన్పు దగ్గరపడేసరికి ఒక మాట తరచుగా వినిపిస్తుంది: “ఎలాగూ సిజేరియన్ చేస్తున్నారు కదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేయించేస్తే పోతుంది.” ఆ మాట అనేది ఒక్కోసారి అత్తగారు, ఒక్కోసారి కన్నతల్లి, భర్త మాత్రం ఆ సంగతి తనది కానట్టే ఉండిపోతాడు. సిజేరియన్‌తోపాటు ట్యూబెక్టమీ చేయడం వైద్యులకు సులువే, దాన్ని నేను కాదనను. భర్త చేయించుకుంటాడేమో అని ఒక్కరైనా అడగకపోవడమే నన్ను బాధిస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహిత స్త్రీలలో దాదాపు 38 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు. భర్త చేయించుకున్న జంటలు 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల శాతం 70 దాకా ఉంది. గర్భనిరోధం ఆడవాళ్ల వ్యవహారమని అదే సర్వేలో మగవారిలో 35 శాతం మంది అన్నారు.

మొదటినుంచీ ఇలాగే లేదు. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 60 వేలకు పైగా పురుషులు వేసెక్టమీ, అంటే మగవారికి చేసే ఆపరేషన్, చేయించుకున్నారు. ఎమర్జెన్సీలో, 1976–77లో, బలవంతంగా సాగిన ఆపరేషన్లు మగవారిలో దానిమీద ఉన్న నమ్మకాన్ని చెరిపేశాయి. ఆ తరువాత ప్రభుత్వాలు మగవారి జోలికి వెళ్లక, భారమంతా స్త్రీల మీదకు నెట్టాయి.

మా రెండో పాప పుట్టాక నేను వేసెక్టమీ చేయించుకుంటానన్నప్పుడు, “సంపాదించేవాడివి, నీకెందుకురా? నీరసపడిపోతావు” అని మా అమ్మ కంగారుపడింది. పొలంలో బస్తాలు మోసిన తరం నుంచి వచ్చిన ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మావంటివాళ్లు కూడా అదే సాకు చెప్పడం న్యాయం కాదు. 1974లో చైనాలో డాక్టర్ లీ షున్‌చియాంగ్ రూపొందించిన కోత లేని పద్ధతిలో, మత్తు ఆ భాగానికి మాత్రమే ఇచ్చి, అరగంటలోపే ముగిస్తారు. వీర్యకణాలు వచ్చే నాళాలను మూసివేస్తారే తప్ప పురుష హార్మోను నేరుగా రక్తంలో కలిసే తీరు మారదు కనుక, బలమూ కోరికా తగ్గవు. మూసిన నాళాలను మళ్లీ కలిపించుకున్నా ఫలితం ఖాయం కాదు కాబట్టి, ఇంకా తేల్చుకోని దంపతులకు నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతులే మేలు.

ఒక జాగ్రత్తను మాత్రం ప్రతి వైద్యుడూ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఆపరేషన్ అయిన వెంటనే రక్షణ రాదు. కనీసం మూడు నెలలు మరో పద్ధతి వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే దాని మీద ఆధారపడాలి. ఈ సంగతి తెలియని ఇంట్లో ఆలోపు గర్భం వస్తే, ఏ తప్పూ లేని భార్య మీద అనుమానం పడుతుంది.