డ్రిల్లు మోటారు బాగుచేస్తూ, తెలుగులో ఆలోచిస్తూ

విదేశంలో పెరుగుతున్న పిల్లలతో ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నామని మనం అనుకుంటాం గాని, ఆ మాటల్లో ఎక్కువ భాగం తిను, పడుకో, త్వరగా తెములు అనే పురమాయింపులే. కారణం వెతకడం, అనుమానాన్ని పరీక్షించడం, తేలినదాన్ని ఒప్పుకోవడం వంటి పనులన్నీ వాళ్లు బడి భాషలోనే చేస్తారు. అందుకే కరెంటుతో నడిచే మా డ్రిల్లు ఆగిపోయినప్పుడు, "కొత్తది కొనేద్దాం అమ్మా" అంటున్న పన్నెండేళ్ల మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం ఎక్కడుందో తెలుగులోనే తేలుద్దామన్నాను.

నేనడిగిన మొదటి ప్రశ్న, ట్రిగ్గరు నొక్కితే ఏమైనా చప్పుడు వస్తోందా అని. మోటారు మూలుగుతూ తిరగకపోతే గేర్లు గాని బేరింగు గాని పట్టేసి ఉండవచ్చు, లేదా ఆర్మేచరు, అంటే మోటారులో తిరిగే భాగం, దెబ్బతిని ఉండవచ్చు. అసలు చప్పుడే లేకపోతే కరెంటు మోటారు దాకా చేరడం లేదని ముందుగా అనుమానించాలి. మాది రెండో రకం. అదే సాకెట్లో దీపం వెలిగింది కనుక ప్లగ్గు పీకేసి, వైరు పిడిలోకి వెళ్లే చోట, అంటే మాటిమాటికీ వంగి లోపలి తీగ తెగే చోట, చేతితో తడిమి చూశాము. తీగ తెగిందో లేదో చూపించే మల్టీమీటరు అనే కొలత పరికరంతో ప్లగ్గు కాళ్ల మధ్య కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: వేగం మార్చే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న కొన్ని డ్రిల్లుల్లో, స్విచ్ బాగున్నా తీగ తెగినట్టే చూపించవచ్చు. అప్పుడు మూత విప్పి, స్విచ్ దాటిన తర్వాత మోటారు వైపు కొలవాలి.

అక్కడా తెగినట్టే చూపించడంతో కార్బన్ బ్రష్‌ల దగ్గరికి వచ్చాము. తిరిగే ఆర్మేచరుకు కరెంటును అందించే చిన్న కార్బన్ దిమ్మలు ఇవి. స్ప్రింగు వీటిని కమ్యుటేటరు, అంటే ఆర్మేచరుతో పాటు తిరిగే రాగి వలయం, పలకల మీదికి నొక్కి ఉంచుతుంది. రాపిడికి ఇవి అరిగిపోవడం సహజం, అరగడానికే వీటిని మెత్తగా చేస్తారు. బాగా పొట్టిగా అయ్యాక స్ప్రింగు ఒత్తిడి చాలక, డ్రిల్లు తట్టితే తిరగడం, మళ్లీ ఆగిపోవడం మొదలవుతుంది. మాదాంట్లో ఒకటి పూర్తిగా అరిగింది. రెండో దానిలో ఇంకా పస ఉన్నా, ఒత్తిడి సమానంగా ఉండాలంటే జతగానే మార్చాలని వాడికి చెప్పాను. పలకల మీది మసిని సన్నని గరుకు కాగితంతో తుడిచి, పొడిని ఊదేశాము. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మెరుపులు మామూలే. కమ్యుటేటరు చుట్టూ నిప్పుల వలయం తిరిగితే మాత్రం ఆర్మేచరు తీగచుట్ట (వైండింగు) కాలిపోయినట్టు అనుమానించాలి. అప్పుడు మరమ్మతు కంటే కొత్త డ్రిల్లే నయమని నా అభిప్రాయం.

కొత్త బ్రష్‌లు అమర్చి, అవి పలకల వంపుకు సర్దుకునేలా కాసేపు బరువు మోపకుండా నడుపుతుండగా, "కరెంటు దిశ మాటిమాటికీ మారుతుంటే మోటారు ఒకే వైపుకి ఎలా తిరుగుతుందమ్మా?" అని వాడు అడిగాడు. సగం ఇంగ్లీషు కలిపాడు. నేను ఆపి సరిదిద్దలేదు, ఎందుకంటే ఆలోచన సాగుతున్నప్పుడు మాటను పట్టుకుంటే ఆలోచనే తెగిపోతుంది. మోటారులో కదలకుండా ఉండే బయటి తీగచుట్టలోనూ ఆర్మేచరులోనూ కరెంటు ఒకేసారి దిశ మార్చుకుంటుంది కనుక తోపు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందని చెప్పాను. ఈ రకం మోటారుకు ఇండియాలోని 50 హెర్ట్జ్‌కీ (అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారడం), అమెరికాలోని 60 హెర్ట్జ్‌కీ పెద్ద తేడా ఉండదు. వోల్టేజి సంగతి వేరు: 120 వోల్టుల డ్రిల్లును ఇండియాలో 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోతుందని, వాడే కాసేపు లెక్కవేసి తెలుగులో చెప్పాడు.

తర్వాత బ్యాటరీ డ్రిల్లును తీసుకొచ్చి, దీనిలోనూ బ్రష్‌లు ఉంటాయా అన్నాడు. కొన్నిట్లో ఉంటాయి. బ్రష్‌లెస్ అని రాసి ఉన్నవాటిలో ఆ పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చేస్తుంది కనుక అరిగేందుకు కార్బన్ లేదు. అలాంటిది ఆగితే ముందు మరో బ్యాటరీ పెట్టి చూడాలి, ఆ తర్వాత బ్యాటరీ కూర్చునే చోటి లోహపు కాంటాక్టులను తుడవాలి.