ఫుట్‌బాల్‌లో హీలియం నింపి చూశాం

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి వాడు ఎంచుకున్న ప్రశ్న ఇది: హీలియం నింపితే బెలూన్ ఎగురుతుంది కదా, అదే ఫుట్‌బాల్‌లో నింపితే బంతి తేలికై ఎక్కువ దూరం పోతుందా? "చదివి రాయొద్దు పిన్నీ, మనమే చేసి చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

బెలూన్లకి మా హైదరాబాద్ బేగంబజార్‌లో లోటు లేదు. గ్యాస్ దగ్గరే చిక్కొచ్చింది. ఒక దుకాణంలో "హీలియం ఎందుకమ్మా, రేటు ఎక్కువ. మామూలు గ్యాస్ పెట్టిస్తా, అదీ ఎగురుతుంది" అన్నారు. ఆ మామూలు గ్యాస్ అంటే హైడ్రోజన్. కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్లు సిలిండర్‌లో కలిపి దాన్ని అక్కడికక్కడే తయారు చేసేవాళ్లున్నారు. జాతరల్లో అలాంటి సిలిండర్లు పేలి పిల్లలు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. హైడ్రోజన్ ఎత్తగలిగే బరువులో హీలియం సుమారు 93 శాతం ఎత్తుతుంది, పైగా మండదు. ఆ కాస్త తేడా కోసం, నాలుగు డబ్బులు మిగులుతాయని పిల్లల చేతికి నిప్పంటుకునే బుడగ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఫంక్షన్లకి డెకరేషన్ చేసేవాళ్లకి సిలిండర్లు అద్దెకిచ్చే చోటు దొరికింది. డిపాజిట్ కట్టాను. మన దేశంలో పాటించే రంగుల పద్ధతిలో హీలియం సిలిండర్‌ది గోధుమ రంగు, హైడ్రోజన్‌ది ఎరుపు. ముందు అది చూసుకున్నాను. గ్యాస్ ఒత్తిడిని తగ్గించి వదిలే రెగ్యులేటర్ కూడా అడిగి తీసుకున్నాను. అది లేకుండా బంతిలో నింపడం ప్రమాదం. గొంతు మారుతుందని హీలియం పీల్చే సరదా కూడా వద్దని వాడికి గట్టిగా చెప్పాను. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది నిండితే మనిషి స్పృహ తప్పుతాడు.

రేటెందుకు ఎక్కువంటే, మనకు హీలియం దాదాపు అంతా దిగుమతే. సహజ వాయువు నుంచి వేరుచేసి తెస్తారు. కానీ దాని కథలో మన గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే పరిశీలించాడు. సూర్యకాంతిలో హీలియం జాడ పట్టుకోవడానికి దారితీసిన పరిశీలనల్లో అదొకటి. భూమ్మీద దాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త రామ్సే వేరుచేసింది 1895లో. మావాడు చార్టు మీద గుంటూరును ఎర్ర స్కెచ్‌తో రాశాడు.

ముందు బెలూన్లు. 30 సెంటీమీటర్ల వెడల్పు ఊదిన రబ్బరు బెలూన్‌లో 14 లీటర్లు పడుతుంది. రబ్బరు బరువు 3 గ్రాములు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఇక్కడి గాలి కొంచెం పలుచన. లీటరు హీలియం ఒక గ్రాము కంటే కాస్త తక్కువ ఎత్తుతుంది. దారానికి కాగితపు కప్పు కట్టి శనగపప్పు ఒక్కో గింజా వేస్తూ పోయాం. కప్పుతో కలిపి పది గ్రాముల దగ్గర బెలూన్ ఇక లేవలేదు. 14 లీటర్లు ఎత్తే సుమారు 13 గ్రాముల్లో రబ్బరు 3 పోను పది, లెక్క సరిపోయిందని వాడు ఎగిరి గంతేశాడు. గాలి ఊదిన బెలూన్ మాత్రం వదిలితే మెల్లగా నేలకు దిగింది. తెల్లారేసరికి హీలియం రబ్బరు బెలూన్లూ కిందికొచ్చాయి. అంత చిన్న అణువులు రబ్బరులోంచి జారుకుంటాయి. పక్కనే కట్టిన ఫాయిల్ బెలూన్ మాత్రం గది పైకప్పును తాకి ఉంది.

ఇక ఫుట్‌బాల్. ఒకే రకం బంతులు రెండు తీసుకుని, లోపలి గాలంతా నొక్కి తీసేసి, ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో హీలియం, రెండిట్లోనూ ఒత్తిడి 10 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెట్టాం. నింపకముందు, నింపాక వంటింటి డిజిటల్ కాటా మీద తూచాం. గాలి బంతి కొద్ది గ్రాములు పెరిగితే, హీలియం బంతి కొద్ది గ్రాములు తగ్గింది. రెండిటికీ తేడా సుమారు తొమ్మిది గ్రాములే. బంతి బరువేమో 430 గ్రాములు! దాన్ని గాల్లోకి ఎత్తాలంటే 450 లీటర్ల హీలియం కావాలి. ఫుట్‌బాల్‌లో పట్టేది ఐదున్నర లీటర్లు. ఇక్కడ బరువంతా తోలుదే, లోపలి గ్యాస్‌ది కాదు.

గ్రౌండ్‌లో తన్ని చూస్తే ఏమీ తేలలేదు. ఒక్కో తన్ను ఒక్కో తీరు. తేలిక బంతి కాస్త వేగంగా బయల్దేరినా, గాలి దాన్ని త్వరగా ఆపేస్తుంది కూడా. అందుకే గోడ మీద గీతలు గీసి, ఒకే ఎత్తు నుంచి వదిలి, ఫోన్‌లో స్లో మోషన్ తీశాం. రెండూ దాదాపు ఒకే గీత దాకా లేచాయి. పీఎస్ఐ తగ్గించి చూస్తే మాత్రం రెండూ కిందే ఆగాయి. బంతి నేలకు తగిలి పైకి లేవడానికి కావలసింది లోపలి ఒత్తిడి, అది ఏ గ్యాస్‌దైనా ఒకటే.

ఫెయిర్‌లో ఒక టీచర్, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ప్రాంతం వైపు టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వాళ్ల బెలూన్లు పరికరాలు మోసుకుని 30 కిలోమీటర్ల పైకి ఎలా పోతాయని అడిగారు. బెలూన్ వెడల్పు రెండింతలైతే లోపల పట్టే గ్యాస్ ఎనిమిదింతలవుతుంది, పైపొర మాత్రం నాలుగింతలే, అందుకే పెద్ద బెలూన్ తన బరువు పోను ఇంకా చాలా మోయగలదు అని మావాడు బోర్డు మీద గీసి చూపించాడు. వాళ్లు హైడ్రోజన్ వాడతారని, కానీ ఆ పని శిక్షణ ఉన్నవాళ్లే చేస్తారని నేను చెప్పాను.