కుందేలు వేపుడు: ముందు ఉడకాలి, తర్వాతే వేగాలి

కుందేలు మాంసం పీచుపీచుగా, గట్టిగా ఉంటుందని అనేవాళ్లలో చాలామంది దాన్ని చికెన్ లెక్కన వండి తిన్నవాళ్లే. రంగు లేత గులాబీ, ముక్క చిన్నది, కాబట్టి మసాలా పట్టించి నేరుగా నూనెలో వేసేస్తారు. అసలు తేడా కొవ్వులో ఉంది. కుందేలుకు గుర్దాల చుట్టూ, భుజాల దగ్గర కాస్త కొవ్వు ఉంటుంది తప్ప కండలో చాలా తక్కువ. మటన్ వేపుడులో కొవ్వు కరుగుతూ ముక్కను ఎండిపోకుండా చూసుకుంటుంది. ఇక్కడ ఆ పని మనం పోసే నూనె, మూతపెట్టి ఉడికించే మొదటి అరగంట చేయాలి. ఈ రెంటిలో ఏది తగ్గించినా ముక్క ఎండుతుంది.

ముందు కొనడం సంగతి. సిటీలో మామూలు చికెన్ షాపుల్లో కుందేలు దొరకదు, పెంచేవాళ్లకు ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. మాంసం కోసం పెంచేవి న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్ లాంటి జాతులు. మూడు నెలల వయసు, ప్రాణంతో ఉన్నప్పుడు సుమారు 2 కిలోల బరువు ఉన్నది వేపుడుకు సరిపోతుంది. తోలు, పేగులు, తల, పాదాలు పోను దాని నుంచి కిలో, మహా అయితే కిలో వంద గ్రాముల మాంసం వస్తుంది. గోళ్లు పొట్టిగా, నున్నగా ఉంటే లేతది. పొడుగ్గా పెరిగి వంకర తిరిగి ఉంటే ముదురుది, దాన్ని పులుసుకో కుక్కర్‌కో వదిలేయడం మంచిది. ముచ్చట కోసం పెంచుకునేవాటిని అమ్మే పెట్ షాపుల్లో మాత్రం కూరకు కొనకండి, వాటికి ఏ మందులు వేశారో మనకు తెలియదు.

ఎవరైనా ‘అడవిది ఉంది, దాని రుచే వేరు’ అంటే అక్కడికక్కడే వద్దని చెప్పేయండి. మన పొలాల్లో, గుట్టల్లో తిరిగే చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని వేటాడటం నేరం. ఫారంలో పెంచిన కుందేలే వండండి.

కోసిన గంటలోపే పొయ్యి మీద పెడితే కండ బిగుసుకుపోయి ఎంతసేపటికీ మెత్తబడదు. శుభ్రం చేసి, మూత ఉన్న గిన్నెలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వండండి. రెండు రోజుల్లోపు వండేలా లేకపోతే ముందే ఫ్రీజర్‌లోకి మార్చాలి.

ఇక ముక్కలు కొట్టడం. సగం వేపుడు ఇక్కడే చెడిపోతుంది. చికెన్ కొట్టినట్టు కత్తితో టకటకా కొట్టించకండి. కుందేలు ఎముక సన్నగా ఉంటుంది, దెబ్బ పడగానే సూదుల్లా చీలుతుంది. ఆ చీలికలు ముక్కలో ఇరుక్కుని నోట్లో గుచ్చుకుంటాయి, పిల్లలకైతే మరీ ప్రమాదం. చిన్న పదునైన చాకుతో కీళ్ల దగ్గర కోసుకోవాలి. ముందుకాళ్లు వెన్నుకు ఏ కీలుతోనూ అతుక్కుని ఉండవు, కండతోనే ఉంటాయి. కాలు పైకి లాగి భుజం ఎముక కింద చాకు పోనిస్తే ఊడి వచ్చేస్తుంది. వెనకకాళ్లను తొడ కీలు బయటికి విరిచి కోసి, ఒక్కో కాలును మోకాలి దగ్గర రెండు చేయాలి. నడుము భాగాన్ని వెన్ను పూసల మధ్య సందు చూసుకుని నాలుగైదు ముక్కలుగా అడ్డంగా కోయాలి. పక్కటెముకల భాగం, మెడ, పొట్ట చర్మం లాంటి పలుచటి కండ విడిగా తీసి పెట్టుకోండి, వాటి పని తర్వాత చెబుతాను.

నడుము మీద వెండి రంగులో మెరిసే పలుచటి పొర ఒకటి ఉంటుంది. చాకు మొన దాని కిందికి దూర్చి, పొరను వేళ్లతో పట్టుకుని, చాకును కాస్త పైకి వంచి జరుపుకుంటూ పోతే రిబ్బనులా వచ్చేస్తుంది. అది ఉడకదు, కరగదు. వేడి తగలగానే ముడుచుకుని ముక్కను వంకర తిప్పేస్తుంది. కిలోకు పది నిమిషాల పని, దయచేసి మానకండి. కార్జానికి అంటుకుని ఉండే ఆకుపచ్చ పిత్తసంచిని చిట్లకుండా, చుట్టూ కాస్త కార్జంతో సహా కోసి పారేయండి. అది పగిలి పచ్చగా అంటిన చోటు కడిగినా చేదు పోదు, ఆ మేరకు కోసేయాల్సిందే. మాంసానికి అంటుకున్న వెంట్రుకలు నీళ్లకు అంత తేలిగ్గా పోవు, తడిగుడ్డతో తుడిస్తే వస్తాయి.

కిలో మాంసానికి కొలతలు: ఉప్పు టీస్పూనున్నర, పసుపు అర టీస్పూను, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు టేబుల్ స్పూన్లు, గట్టి పెరుగు మూడు టేబుల్ స్పూన్లు, కారం రెండు టీస్పూన్లు, వేయించి దంచిన ధనియాల పొడి ఒక టేబుల్ స్పూను, మిరియాల పొడి ఒక టీస్పూను, గరం మసాలా అర టీస్పూను, ఎండుకొబ్బరి పొడి రెండు టేబుల్ స్పూన్లు, ఉల్లిగడ్డలు మధ్యరకం రెండు, పచ్చిమిర్చి నాలుగు, కల్యమాకు మూడు రెబ్బలు, నూనె ఐదు టేబుల్ స్పూన్లు. నూనె ఎక్కువ అనిపిస్తుంది, తగ్గించకండి. తినేటప్పుడు గిన్నె అడుగున మిగిలేది వదిలేయొచ్చు.

ఉప్పు, పసుపు, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్దలో సగం పట్టించి రెండు గంటలు ఉంచండి. నిమ్మరసం ఇప్పుడు వద్దు. పులుపు ఎక్కువసేపు తగిలితే ముక్క పైభాగం సున్నంలా పొడిబారుతుంది. పచ్చి బొప్పాయి కూడా లేత కుందేలుకు అక్కర్లేదు, పైన ముద్దగా, లోపల గట్టిగా తయారవుతుంది.

కాళ్ల ముక్కలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, ముప్పావు గ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి సన్నమంట మీద పదిహేను నిమిషాలు ఉడికించండి. అప్పుడు నడుము ముక్కలు వేసి ఇంకో పన్నెండు నిమిషాలు. కాళ్లు రోజంతా గెంతిన కండ, వాటికి సమయం కావాలి. నడుముకు అంత అక్కర్లేదు. అన్నీ ఒకేసారి వేస్తే కాళ్లు మెత్తబడేసరికి నడుము పొడిపొడి అయిపోతుంది. తొడలో ఫోర్కు గుచ్చితే సులువుగా దిగాలి, కానీ ఎముక నుంచి మాంసం విడిపోకూడదు. థర్మామీటరు ఉంటే ముక్క మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ దాటిందో లేదో చూసుకోండి. ముదురు కుందేలైతే కాళ్లను కుక్కర్‌లో మూడు, నాలుగు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే పోయాకే మూత తీయాలి. ఉడికిన నీళ్లు పారబోయకుండా పక్కన పెట్టుకోండి.

వేపుడుకు ఇనుప కడాయి మేలు, వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది. నూనె కాగాక ఉల్లిగడ్డలు ఎర్రబడేదాకా వేయించి, పచ్చిమిర్చి, కల్యమాకు, మిగిలిన అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోనివ్వండి. ముందు కాళ్ల ముక్కలు వేసి మధ్యమంట మీద ఐదు నిమిషాలు, తర్వాత నడుము ముక్కలు. గంటెతో ఊరికే కలబెట్టకుండా ఒక వైపు రంగు వచ్చాకే తిప్పండి. ఇప్పుడు కారం, ధనియాల పొడి వేసి, వెంటనే పక్కన పెట్టిన నీళ్లు రెండు గంటెలు పోయాలి. పొడి కడాయిలో కారం పడితే అర నిమిషంలో మాడి చేదెక్కుతుంది. తర్వాత నీళ్లు ఇంకేదాకా చెవి పెట్టి వినండి. ముందు బుడగలు పెద్దగా, చప్పుడు మెత్తగా ఉంటుంది. నీరు పోయాక బుడగలు చిన్నవై, చిటపటలు మొదలై, ముక్క పక్కన నూనె తేలుతుంది. అప్పటినుంచి మూడు, నాలుగు నిమిషాలే వేపుడు. కార్జం, గుర్దాలు పెద్ద ముక్కలుగా కోసి నీరు సగం ఇంకగానే వేయండి, లోపల ఎరుపు పోయిందో లేదో ఒకటి విరిచి చూసుకోండి. కొబ్బరి పొడి, మిరియాలు, గరం మసాలా ఆఖరి రెండు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే కొబ్బరి అడుగంటి మొత్తం వేపుడుకు మాడువాసన తెస్తుంది. పొయ్యి కట్టేశాక అరచెక్క నిమ్మరసం, కొత్తిమీర.

వేగుతున్నప్పుడే ముక్కలు ఎండుతున్నట్టు అనిపిస్తే నూనె పోయకండి, రెండు చెంచాల ఉడికిన నీళ్లు చల్లి మూడు నిమిషాలు మూతపెట్టండి. ముక్కలు రంగు రాకుండా నీళ్లు ఊరుతుంటే కడాయి ఇరుకైందని అర్థం, రెండు విడతలుగా వేయించుకోండి.

పక్కటెముకలు, పొట్ట కండ, మెడ పక్కన పెట్టమన్నాను కదా. వాటిని లవంగాలు, దాల్చినచెక్కతో లీటరున్నర నీళ్లలో ముప్పావుగంట మరిగించి వడగట్టి, ఆ నీళ్లతో బగారా అన్నం వండితే ఈ వేపుడుకు అంతకన్నా మంచి జోడీ లేదు. తెల్ల అన్నం పెట్టుకుంటే పచ్చిపులుసు ఉండాలి. జొన్నరొట్టెలోకైతే కాస్త నూనె తేలేలా దించండి. కిలో వేపుడు ఐదుగురికి వస్తుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తినేయాలి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ముక్క తోలులా సాగుతుంది. కడాయిలో రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నమంట మీద లోపలిదాకా బాగా వేడెక్కనివ్వండి.