చెవుల్లో అవి తీసెయ్ సామీ

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి అలిపిరి మెట్లంటే భయమేముంటుంది చెప్పండి. ఆ ధీమాతోనే మొన్న పొద్దున మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బయల్దేరాను. 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, పాటలు లేకపోతే ఎలా అని. గాలిగోపురం దాకా ఆయాసంతోనే సరిపోయింది. అది దాటాక దారి కాస్త చదునవుతుంది, కాళ్లు తేలికపడతాయి, నేను పాట జోరులో నడిచిపోతున్నాను.

మజ్జిగ అమ్మే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఎంతసేపట్నుంచి అరస్తా ఉండా, చెవుల్లో అవి తీసెయ్ సామీ. పిల్లోడు ఆడనే నిలబడిపోయినాడు చూడు."

వెనక్కి తిరిగితే నా గుండె ఆగినంత పనైంది. తొమ్మిదేళ్లవాడు, చిప్స్ ప్యాకెట్ గుండెలకు హత్తుకుని కదలకుండా నిలబడ్డాడు, చుట్టూ నాలుగు కోతులు. "మామా" అని ఎన్నిసార్లు పిలిచాడో, నాకు ఒక్కటీ వినపడలేదు. పెద్దాయనే కర్రతో నేల మీద కొట్టి, "ప్యాకెట్ ఇసిరెయ్ నాయనా" అన్నాడు. వాడు విసిరాడు, అవి దాని వెంట పోయాయి.

కోతులు కాబట్టి సరిపోయింది. ఇంకాస్త పైన, లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గరే కదా, 2023 ఆగస్టులో అమ్మానాన్నలతో వచ్చిన ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ల లోపు పిల్లల్ని ఈ దారిలో వదల్లేదు, నడిచేవాళ్లకు టీటీడీ కర్రలిచ్చింది. కర్రతో చిరుతను కొడతారా అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మజ్జిగ తాగుతుంటే ఆయన చెప్పాడు, అడవిలో కళ్లకంటే చెవులే ముందంట. దుప్పి ఉన్నట్టుండి గట్టిగా కూసినా, చెట్ల మీద కోతులన్నీ ఒకే వైపు చూస్తూ అరిచినా ఆగిపోవాలి, వెనక వచ్చే గుంపుతో కలవాలి, పిల్లల్ని మధ్యలో పెట్టుకోవాలి. పరుగు మాత్రం తీయకూడదు.

కింద ఊళ్లో చిరుతల కంటే జనంతోనే భయం. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు, మన ఊళ్లోనే. అప్పట్నుంచి ఏ క్యూలో నిలబడ్డా బయటికి దారెటుందో ముందే చూసుకుంటాను. ఒత్తిడి మొదలైతే ఊపిరాడేలా చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, జనానికి ఎదురు తోయకుండా పక్కకు జరుగుతూ పోవాలి, చెప్పు ఊడినా ఫోన్ పడినా వంగకూడదు. ఇవన్నీ తెలిసినవాణ్ణే, కొండెక్కేటప్పుడు చెవులు మూసుకున్నాను!

ఇయర్‌ఫోన్స్ జేబులో పడేశాను. మోకాళ్ల మెట్టు ఇంకా రాలేదు, పక్క చెట్ల మీద అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మా వాడు నా చొక్కా పట్టుకున్నాడు. వెనక వస్తున్న చిత్తూరు వాళ్లు ఐదారుగురిని ఆపి, అందరం కాసేపు అలాగే నిలబడ్డాం. ఏమీ రాలేదు. గోవిందా అనుకుంటూ కలిసి కదిలాం, కొండ మీదికి చేరేదాకా వాడు చొక్కా వదల్లేదు.