ఖాజాగూడ బండల మీద బ్రష్డా, బ్రష్‌లెస్సా: నవంబర్ నుంచి మార్చి దాకా నా క్రాలర్ లెక్క

నవంబర్ల మొదలుపెట్టిన పని ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చింది, మర్చిపోకముందే రాసి పెడుతున్న. క్రాలర్ అంటే బండలు మెల్లగ ఎక్కే రిమోట్ కంట్రోల్ బొమ్మ బండి. నాది యాక్సియల్ ఎస్‌సీఎక్స్10 టూ, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న, 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్, దాంతోని వచ్చిన 35 టర్న్ (తీగ 35 చుట్లు చుట్టిన) బ్రష్డ్ మోటరే ఉండె, అంటే లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌ల నుంచి కరెంటు పోయే రకం. దాన్నే ఉంచాల్నా, బ్రష్‌లెస్‌కి (బ్రష్‌లు లేకుండ ఎలక్ట్రానిక్స్‌తోని కరెంటు మార్చే రకానికి) పోవాల్నా అన్నదే నేను తేల్చుకోవాల్సింది. ఎవర్ని అడిగినా స్పీడ్ చెప్పిన్రు, పవర్ చెప్పిన్రు. బండల మీద తిప్పంగ తిప్పంగ నాకు ఎరుకైందేందంటే, ఆగి ఉన్న చక్రం రిమోట్ ట్రిగ్గర్ జర నొక్కితే మొదటి అంగుళం ఎట్ల కదుల్తది, ట్రిగ్గర్ వదిలితే వాలు మీద బండి నిలబడ్తదా జారుతదా, ఈ రెండే చూస్కోవాలె.

మన హైదరాబాద్ గ్రానైట్ సంగతి మీకు తెలిసిందే, దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి, ఉల్లిగడ్డ పొరలెక్క పెచ్చులు లేస్తది, ఆ పెచ్చుల కింద, సందుల్ల గరుసు రాలి ఉంటది. శుభ్రంగ ఉన్న బండ మీద మెత్తటి టైరు అతుక్కున్నట్టే ఎక్కుతది, గరుసు తగిలిన చోట మాత్రం మోటర్ ఒక్క గుంజు గుంజిందనుకో చక్రం గిర్రున తిరిగి కింద ఉన్న పట్టు కూడ పోతది. ఖాజాగూడల పొద్దున తాళ్లు కట్టుకుని ఎక్కేటోళ్లని చూడున్రి, కాలు ఎంత మెల్లగ ఆనిస్తరో, బండి చక్రం గూడ అట్లనే ఆనాలె.

నవంబర్, డిసెంబర్ మొత్తం బ్రష్డ్ మీదనే. పాత ఈఎస్‌సీ (మోటర్‌కి ఎంత కరెంటు పోవాలో చూసే స్పీడ్ కంట్రోలర్) తీసేసి హాబీవింగ్ క్విక్‌రన్ 1080 వేసిన, ప్రోగ్రామ్ కార్డ్‌తోని డ్రాగ్ బ్రేక్ (ట్రిగ్గర్ వదిలితే మోటరే బ్రేక్ లెక్క పట్టుడు) 100 శాతం పెట్టిన, బ్యాటరీ టైప్ లైపో (లిథియం పాలిమర్). ముందు 2ఎస్ (రెండు సెల్లుల బ్యాటరీ) మీద నడిపి తర్వాత 3ఎస్‌కి (మూడు సెల్లులకి) పోయిన, పినియన్‌ని (మోటర్ మీదుండే చిన్న గేరుని) ఇంకా చిన్నదానికి మార్చిన, ఎందుకంటే 3ఎస్ మీద పెద్ద పినియన్ ఉంటే చక్రం మెల్లగ తిరుగుడు కష్టమైతది, మోటర్ కూడ కాలుతది. పినియన్‌కి, అది తిప్పే పెద్ద స్పర్ గేర్‌కి మధ్యల పేపర్ ముక్క ఒకటి పెట్టి బిగించి, తర్వాత గేరు తిప్పి ఆ ముక్కని బయటికి గుంజితే సరిపోయే సందు దానంతట అదే వస్తది. ఎం3 స్క్రూలు, బేరింగులు రాణిగంజ్‌ల దొరికినయి, సిలికాన్ వైరు, ఎక్స్‌టీ60 కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీల తెచ్చిన.

ఇట్ల సెట్ చేసినంక బ్రష్డ్ మోటర్ నిజంగ మస్తు పని చేసింది. కరెంటు మార్చే పని లోపల కమ్యుటేటరే (బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల చుట్టు) చేసుకుంటది, మోటర్ ఏ పొజిషన్ల ఉన్నదో ఈఎస్‌సీకి తెల్వాల్సిన పనే లేదు, అందుకని సున్నా నుంచి నున్నగ కదుల్తది.

అయితే డిసెంబర్ ఆఖర్ల ఒక మోటర్ పోయింది. ముందు చక్రం బండ నెర్రెల ఇరుక్కుంటే ఎట్లనన్న బయటికొస్తదని ట్రిగ్గర్ అట్లనే నొక్కి పట్టిన, కాసేపటికి కాలిన వాసన. ఇంటికొచ్చి విప్పి చూస్తే కమ్యుటేటర్ మీద ఒక దిక్కు ముక్కలు నల్లగ మాడిపోయినయి. తిరిగే మోటర్‌ల కరెంటు అన్ని ముక్కలకీ పంచుకుంటది, ఆగిపోయిన మోటర్‌ల మాత్రం బ్రష్ కింద ఉన్న ముక్కల మీదనే మొత్తం పడ్తది, తిరుగుడు లేదు కాబట్టి కరెంటు కూడ అప్పుడే అన్నిటికంటే ఎక్కువ. బ్రష్డ్ నడిపేటోళ్లు ఇది ఒక్కటి గుర్తు పెట్టుకోవాలె, చక్రం ఇరుక్కుంటే ట్రిగ్గర్ వదిలి, పోయి చేత్తోని తీయాలె.

జనవరిల తక్కువ ధరకి దొరికిందని ఒక సెన్సర్‌లెస్ బ్రష్‌లెస్ కాంబో వేసిన. రోడ్డు మీద పిచ్చి స్పీడు. గుట్ట మీద పెట్టంగనే మా మేనల్లుడు "మామా, బండికి చలి పెడ్తున్నదా, గట్ల వణుకుతున్నదేంది?" అన్నడు. వాడన్నది కరెక్టే, దాన్నే కాగింగ్ అంటరు. సెన్సర్ లేని మోటర్‌ల రోటర్ ఎక్కడున్నదో ఈఎస్‌సీకి తెలిసేది మోటర్ తిరిగినప్పుడు తిరిగొచ్చే వోల్టేజీ చూసి, ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజే ఉండదు కదా, అందుకని అందాజ మీద ఒకసారి ఇటు ఒకసారి అటు తోసి చూస్తది, దాంతోని గరుసు మీద ఆ కాస్త పట్టు కూడ వదిలిపోతది. మూడు ఆదివారాలు సెట్టింగులన్నీ తిప్పి చూసిన, లాభం లేకపోయింది. క్రాలర్‌కి సెన్సర్‌లెస్ తీసుకోకున్రి, ధర ఎంత తక్కువైనా సరే.

ఫిబ్రవరిల ధైర్యం చేసి హాబీవింగ్ ఫ్యూజన్ 1800 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 1800 చుట్లు) బ్రష్‌లెస్ తెప్పించిన. మోటరు, ఈఎస్‌సీ రెండూ ఒకే డబ్బాల ఉంటయి, మూడు ఫేజ్ వైర్ల గొడవ లేదు, బ్యాటరీ వైర్లు, రిసీవర్ వైరు పెడితే అయిపోయింది. 3ఎస్ బ్యాటరీ 11.1 వోల్టుల మీద లెక్కేస్తే లోడ్ లేకుండ దాదాపు 20,000 ఆర్‌పీఎం. ఇది ఎఫ్‌ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్) రకం, రోటర్ ఏ పొజిషన్ల ఉన్నదో చూస్కుంట దానికి తగ్గట్టు కరెంటుని అలలెక్క నున్నగ ఇస్తది. మొదటిసారి ట్రిగ్గర్ నొక్కినప్పుడు చక్రం గడియారం ముల్లులెక్క కదిలింది, నేను లేచి నిలబడ్డ. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగాన్నే పట్టుకుంటది, ఎక్కినా దిగినా మార్చదు.

బ్రేక్ తేడా ఇంకా పెద్దది. బ్రష్డ్‌ల డ్రాగ్ బ్రేక్ అంటే మోటర్ రెండు టెర్మినల్స్‌ని షార్ట్ చేసుడే, మోటర్ తిరిగితేనే ఆపే బలం పుడ్తది, అందుకని నిట్ట వాలు మీద బండి సెకనుకి ఇంత అని మెల్లగ జారుకుంటనే ఉంటది. ఫ్యూజన్ అక్కడికక్కడ పట్టుకుని నిలబడ్తది. ఒకే 3ఎస్ 2200 ఎంఏహెచ్ బ్యాటరీ మీద నాకు బ్రష్డ్‌తోని 40 నిమిషాలు వస్తుండె, దీనితోని గంట దాటింది. టెంపరేచర్ గన్‌తోని చూస్తే బ్రష్డ్ డబ్బా 78 డిగ్రీలు, ఇది 52, అది కూడ ఫిబ్రవరి ఎండల.

నచ్చనిది కూడ చెప్పాలె. బ్రష్డ్ మోటర్ ఇబ్బంది పడ్తుంటే చప్పుడు మారుతది, బండి నెమ్మదిస్తది, మనకు తెలుస్తది. ఇది వేగం తగ్గనీయదు కాబట్టి చక్రం ఇరుక్కున్నా అదే పట్టుతోని తిప్పుతనే ఉంటది, మొదటి నెలల్నే వెనక డ్రైవ్‌షాఫ్ట్ పిన్ను విరిగింది. రెండోది, డబ్బా ఒకటే కాబట్టి ఒకటి పాడైతే రెండూ పోయినట్టే, నాకు పడ్డ ధరల ఇదొక్కటి కొనే పైసలకి 35 టర్న్ మోటర్లు ఆరు వస్తయి.

అందుకని మేనల్లుడి బండికి బ్రష్డే ఉంచిన. వాడు నేర్చుకుంటున్నడు, మోటర్ కాలినా పెద్ద నష్టం లేదు, పైగా మోటర్ చప్పుడు వినుడు అలవాటైతది. కొత్తగ మొదలుపెట్టేటోళ్లకి కూడ అదే చెప్త, పైసలు ముందు డ్రాగ్ బ్రేక్ మార్చుకునే మంచి ఈఎస్‌సీ మీద, మెత్తటి టైర్ల మీద పెట్టున్రి, మోటర్ తర్వాత. మట్టిల తిప్పినంక బ్రష్డ్ మోటర్‌ని గాలి కొట్టి కార్బన్ పొడి బయటికి తీసి, రెండు దిక్కుల బేరింగుకి ఒక్కో చుక్క నూనె వేస్తే చాలా రోజులు వస్తది.

డిసెంబర్ల మోటర్ మాడిన నెర్రె దగ్గరికే పోయిన ఆదివారం మళ్ల పోయినం. ఎండ పడకముందే, ఆరున్నరకి. ఫ్యూజన్‌తోని ఐదు సార్లు చూస్తే మూడు సార్లు ఎక్కింది, ఎక్కని రెండు సార్లు మోటర్ తప్పు లేదు, ముందు చక్రాలు నెర్రెల ఆనినప్పుడు స్టీరింగ్ తిరగలేదు, స్టీరింగ్ తిప్పే చిన్న మోటరు, సర్వో, మూలిగి ఆగిపోయింది. దానికి కరెంటు ఇప్పుడు ఈఎస్‌సీల ఉన్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజీ తగ్గించి సర్వోకి ఇచ్చే భాగం) నుంచే పోతున్నది. 25 కేజీల బలం ఉన్న సర్వో ఆర్డర్ పెట్టిన, దానికి విడిగ బీఈసీ ఒకటి కట్టాలె, వైరు గుజరాతీ గల్లీల తెచ్చిందే ఇంకా మీటరు మిగిలుంది.