ఏఈ ప్రిపరేషన్ అనుభవం: వీఎఫ్‌డీ, మోటారు, మధ్యలో కేబుల్

ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎంపిక జాబితాలో నా హాల్ టికెట్ నంబరు కనిపించినప్పటి నుంచి, ఏ పుస్తకాలు చదివానో చెప్పమని చాలామంది మిత్రులు అడుగుతున్నారు. పుస్తకాలు మీ అందరి దగ్గరా ఉన్నవే. పవర్ ఎలక్ట్రానిక్స్‌నూ పవర్ సిస్టమ్స్‌నూ వేర్వేరు సబ్జెక్టులుగా చూడడం మానేశాకే నా చదువు గాడిన పడింది. ఆ మార్పు వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్) దగ్గర మొదలైంది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో ఒక పరిశ్రమలో మెయింటెనెన్స్ పని చేస్తూ చదువుకునేవాణ్ణి. అక్కడి పంప్‌హౌస్‌లో, డ్రైవ్ ప్యానెల్‌కు చాలా దూరంలో ఉన్న ఒక మోటారు తరచూ కాలిపోయేది. సప్లై 415 వోల్టులే, ఓవర్‌లోడ్ లేదు, బేరింగులు బాగానే ఉన్నాయి. రీవైండింగ్ మేస్త్రీ స్టేటర్ విప్పి చూపిస్తే మిగతా వైండింగ్ రంగైనా మారలేదు. లీడ్ వైర్లను ఆనుకున్న మొదటి కాయిల్‌లోనే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎనామిల్ పోయి రాగి నల్లబడి ఉంది. కారణం పవర్ సిస్టమ్స్‌లోని ట్రావెలింగ్ వేవ్స్ (లైన్లలో అలల్లా సాగే వోల్టేజీ) అధ్యాయంలో దొరికింది.

415 వోల్టులను రెక్టిఫై చేస్తే (ఏసీని డీసీగా మారిస్తే) డ్రైవ్ లోపలి డీసీ బస్ మీద సుమారు 587 వోల్టుల శిఖర విలువ వస్తుంది. డ్రైవ్‌లోని వేగవంతమైన స్విచ్ అయిన ఐజీబీటీ దాన్ని 0.1 మైక్రోసెకనులో (ఇదే రైజ్ టైమ్) స్విచ్ చేసినప్పుడు, ఆ పల్సు కేబుల్‌లో అలలా పరిగెత్తి మోటారు దగ్గర వెనక్కి తిరుగుతుంది. కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్ (ఇలాంటి అలకు ఎదురయ్యే ఇంపెడెన్స్) 50 ఓమ్‌లు, మోటారుది 950 ఓమ్‌లు అనుకుంటే పరావర్తన గుణకం (అలలో వెనక్కి తిరిగే భాగం) 0.9, టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ దాదాపు 1,115 వోల్టులు. అల వేగం మైక్రోసెకనుకు 150 మీటర్లయితే, దాన్ని రైజ్ టైమ్‌తో గుణించి సగం చేయండి: 7.5 మీటర్లు. కేబుల్ అంతకు మించితే ఈ శిఖరం పూర్తిగా వస్తుంది. పైగా అంత నిటారుగా లేచే అల వైండింగ్ అంతటా సమానంగా పరుచుకోదు, ఎక్కువ భాగం మొదటి చుట్ల మీదే పడుతుంది.

ఇది అర్థమైతే నివారణలను బట్టీ పట్టనక్కర్లేదు. డీవీ బై డీటీ (వోల్టేజీ మారే వేగం) ఫిల్టర్ రైజ్ టైమ్‌ను పెంచుతుంది, సైన్ ఫిల్టర్ పల్సులను దాదాపు సైన్ వేవ్‌గా మారుస్తుంది, మోటారు దగ్గర పెట్టే ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) టెర్మినేటర్ ఇంపెడెన్స్‌ను కేబుల్‌కు సరిపోలుస్తుంది. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ స్విచింగ్ వేగం) తగ్గిస్తే మాత్రం సెకనుకు వచ్చే స్పైక్‌ల సంఖ్య తగ్గుతుందే తప్ప ఒక్కో స్పైక్ ఎత్తు తగ్గదు.

ఉద్యోగం మానేసి చదవమని అందరూ చెప్పినా నేను మానలేదు, ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. షిఫ్టు దిగాక ఎంత అలసటగా ఉన్నా, ఆ రోజు చూసిన ఫాల్టుకు సంబంధించిన సూత్రాన్ని పుస్తకం మూసి మొదటి నుంచి రాబట్టేవాణ్ణి. ఈ క్రమశిక్షణ లేకుండా ఎన్ని మాక్ టెస్టులు రాసినా మార్కులు ఒకచోటే ఆగిపోతాయి. మెషిన్స్, నెట్‌వర్క్స్‌కు పాత ప్రశ్నపత్రాలు సరిపోయాయి.

ఇక డ్రైవ్ వల్ల వచ్చే నాయిజ్ (ఇతర సిగ్నళ్లను చెడగొట్టే విద్యుత్ అలజడి) సంగతి. డ్రైవ్‌లో డీసీని ఏసీగా మార్చే సాధారణ టూ-లెవెల్ ఇన్వర్టర్‌లో మూడు పోల్ వోల్టేజీల (డీసీ బస్ మధ్య బిందువుతో పోలిస్తే ఒక్కో ఫేజ్ వోల్టేజీ) మొత్తం ఏ క్షణంలోనూ సున్నా కాదు. దీనివల్ల మూడు ఫేజుల్లోనూ ఉమ్మడిగా మిగిలే కామన్ మోడ్ వోల్టేజీ వల్లే స్ట్రే కెపాసిటెన్సుల (వైండింగ్, కేబుల్, ఎర్త్‌ల మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్) గుండా ఎర్త్‌లోకి కరెంటు పారి పక్కనున్న సిగ్నల్ కేబుళ్లను కలవరపెడుతుంది, బేరింగుల్లో గాట్లు పడేలా చేస్తుంది. అందుకే మోటారు కేబుల్ షీల్డ్‌ను (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) రెండు చివరలా, చుట్టూ పూర్తిగా పట్టే గ్లాండ్‌తో (కేబుల్‌ను బిగించే అమరిక) బిగించాలి. షీల్డ్‌ను మెలితిప్పి పొడవాటి తోకలా ఎర్త్ చేస్తే ఆ తోక ఇండక్టెన్స్ హై ఫ్రీక్వెన్సీ కరెంటును అడ్డుకుంటుంది, అది మళ్లీ వేరే దారి వెతుక్కుంటుంది.